నలభయ్యో మెట్టు

చలికాలం, రెండో రోజు

ఈ పుస్తకంలో అంకెలు తప్ప ఇంకేమీ రాయకూడదని పనిగది నియమం. రాసేదీ నేనే, తిరగేసేదీ నేనే. కాబట్టి ఆ నియమం ఎప్పుడో అటకెక్కింది.

ఇవాళ మందలో సగం గేదెల మెడలోని కూతబిళ్లలు పరీక్షకు వచ్చాయి. ఒక్కోదాని మీద వేలెడు మందం మంచు, దాని కింద పేడ. పేడ గోకి, మంచు దులిపి, పొయ్యి పైనున్న దండేనికి వరసగా వేలాడదీశాను. బయటి నుంచి వచ్చింది మనిషైనా వస్తువైనా ముందు వెచ్చబడాలి, ఆ తర్వాతే దాంతో పని. ఊరు పుట్టినప్పటి నుంచీ ఇదే మర్యాద. చలిలోంచి వచ్చినవాణ్ణి పొయ్యి దగ్గర కూర్చోబెట్టకుండా "ఏమైంది" అని అడిగితే, ఆ అడిగినవాళ్లని పెంచినవాళ్లని తిడతారు.

వెచ్చబడ్డ బిళ్లని బల్ల మీద పెట్టి, పక్కనున్న మీట నొక్కి పట్టాను. మామూలుగా బిళ్ల ఏడెనిమిది సెకన్లకోసారి రెప్పపాటు కూసి ఊరుకుంటుంది. బ్యాటరీ మిగలాలి కదా. మీట నొక్కి పడితే మాత్రం ఆపకుండా కూస్తుంది. మన చెవికి వినపడే కూత కాదు, రేడియో కూత. నా ఫ్రీక్వెన్సీ కౌంటర్ సెకనుకి ఎన్ని అలలు వచ్చాయో లెక్కపెట్టి ఎర్రంకెల్లో చూపిస్తుంది. మనిషికో మెట్టు, గేదెకో మెట్టు. మెట్టుకీ మెట్టుకీ మధ్య పది కిలోహెర్ట్జ్ ఎడం.

ఊరి తలుపు దాటితే చాచిన చెయ్యి కనపడదు, అంత పొగమంచు. ఎవరినైనా వెతకాలంటే కూతలు పట్టే చెవిపెట్టెని కోటు లోపల పొట్టకు ఆనించుకుని, దాని తీగ పట్టుకున్న చెయ్యి చాపి, వాళ్ల మెట్టు నంబరు పెట్టుకుని నడవాలి. వాళ్లున్న వైపు తిరిగినప్పుడల్లా చెవిలో టక్కు గట్టిగా వినిపిస్తుంది. తిరిగి రావడానికి ఊరి గుమ్మం లోపల కూడా ఒక బిళ్ల కూస్తూ ఉంటుంది, దానికీ ఒక నంబరుంది.

ఇవాళ అన్ని బిళ్లలూ తమ తమ మెట్ల మీద బుద్ధిగా కూర్చున్నాయి. పొయ్యి బాగా మండుతోంది. ఉల్లిపాయ నంజుకుని అంబలి తాగాను. చలికాలమంటే అందరూ భయపెట్టారు గాని, నాకైతే బాగానే ఉంది. మా నేల మీద చలికాలం పదకొండేళ్లకోసారి వచ్చి రెండేళ్లుంటుంది. కిందటిసారి వచ్చినప్పుడు ఈ బిళ్లలు లేవు. తాళ్లూ గంటలూ పట్టుకుని తిరిగేవారు. నేను అప్పుడు చిన్నపిల్లని, పొయ్యి దగ్గర నుంచి కదలనిచ్చేవారు కాదు. ఇప్పుడు నన్నెవరూ ఆపడం లేదు, నేనే కదలడం లేదు.

చలికాలం, ఆరో రోజు

మధ్యాహ్నం మా వదిన ఎర్నమ్మ వచ్చింది. మందని మేపేది ఆవిడే. మా గేదెలకి ఎలుగుబంటికున్నంత బొచ్చుంటుంది. మంచు గీకి దాని కింది నాచు మేస్తాయి. వాటితో పాటు తిరిగి తిరిగి వదినకి కూడా కాస్త దున్నపోతు పట్టుదల వచ్చిందని మా అన్న అంటుంటాడు, ఆవిడ లేనప్పుడు.

వచ్చి పొయ్యి దగ్గర కూర్చుంది. మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. కోటు మీద నుంచి ఆవిరి లేచినంతసేపూ నన్ను చూస్తూనే ఉంది. ఆ చూపు బట్టి నాకు ఏదో మూడిందని తెలిసింది.

"ఒలే దమయంతీ," అంది, ఆవిరి తగ్గాక. "నీ బిళ్లలకి మతి పోనాది."

"నా బిళ్లలకా, నీ గేదిలకా?"

"నల్లపూస కోసం సెవిపెట్టె ఎట్టుకుని నడిసినాను. రా రామ్మని దగ్గరికి పిలిసినాది. తీరా ఎల్లి సూస్తే కొమ్ముల్రాజు. నన్ను సూసి బుస కొట్టినాడు."

కొమ్ముల్రాజు మందలో ఉన్న ఒకే ఒక దున్నపోతు. నల్లపూస చూడి గేదె, నెలలు నిండాయి. అలాంటిదాన్ని వెతకబోయి దున్నపోతు ముందు నిలబడటం ఎవరికైనా కోపం తెప్పించే విషయమే. అయినా నా బిళ్లల్ని అంటే ఊరుకుంటానా?

"బిళ్లలు మార్సి కట్టీసుంటావు ఒదినా."

"దున్నకీ గేదికీ తేడా తెల్దేటి నాకు?"

రెండు బిళ్లలూ తెప్పించి, దండేనికి వేలాడదీసి, వెచ్చబడ్డాక కొలిచాను. నల్లపూసది డెబ్బయ్యో మెట్టు, కొమ్ముల్రాజుది డెబ్బై ఒకటి. రెండూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఉన్నాయి.

"కౌంటర్ అబద్ధమాడదు," అన్నాను.

"అయితే నాను ఆడతన్నానేటి?" అంది వదిన. జరిమానా కింద నా అంబలి తాగేసి వెళ్లింది.

చలికాలం, తొమ్మిదో రోజు

చలి ముదిరింది. దాంతో పాటే గొడవ కూడా. చుక్క కోసం వెతికితే ముంగి దొరుకుతోంది. ముంగి కోసం వెతికితే బండది. ఎవరిని పిలిస్తే వాళ్లు తప్ప అందరూ పలుకుతున్నారు. నేను పొద్దస్తమానం బిళ్లలు కొలుస్తున్నాను. నా బల్ల మీద ఒక్కటి కూడా తప్పు చూపించడం లేదు. పెళ్లిచూపులకి కూర్చోబెట్టిన పిల్లల్లా బల్ల మీద ఎంతో బుద్ధిగా ఉంటున్నాయి. గడప దాటగానే ఆ బుద్ధి ఎటు పోతోందో తెలియడం లేదు.

సాయంత్రం ఊరి పెద్దలు కూర్చుని, బిళ్లల మీద నమ్మకం లేనప్పుడు మందని బయటికి వదలడం తెలివితక్కువ పని అన్నారు. వచ్చే వారం నుంచి చలికాలం పూర్తయ్యేదాకా గేదెల్ని కొట్టంలోనే కట్టెయ్యాలట.

వదిన లేచి నిలబడింది. "కట్టీసిన గేది రెణ్ణెల్లకి ఒట్టిపోద్ది. సలికాలం రెండేళ్లు. పిల్లలకి పాలెవులిస్తారు, మీరిస్తారా?"

పెద్దలు నవ్వలేదు. నన్ను చూశారు. అందరూ నన్నే చూశారు. బిళ్లలన్నీ సరిగ్గా ఉన్నాయని చెప్పాను. చెబుతుంటే నాకే సిగ్గేసింది. నా మీద నాకు అనుమానం వచ్చింది, వదిన మీద కూడా కాస్త వచ్చింది. కౌంటర్ మీద మాత్రం రాలేదు.

ఇంటికొచ్చేటప్పుడు వదిన తన బిళ్ల కూడా విప్పి ఇచ్చింది. "నాది కూడా సూడు. నాను కూడా ఇంకెవులో అయిపోనానేమో." చూశాను. నలభై రెండో మెట్టు, చెక్కు చెదరలేదు. మా ఊళ్లో కొత్త కోడలికి మొగుడి పక్క మెట్టు ఇస్తారు. నాది నలభై, మా అన్నది నలభై ఒకటి, ఆ పక్కన వదినది. అన్న ఇప్పుడు దక్షిణపు గనిలో, కూత అందనంత దూరంలో ఉన్నాడు. వదినకి బాధ కలిగితే చెప్పుకోవడానికి నేనే ఉన్నాను, ఆ బాధ నా వల్లే వచ్చినా సరే.

చలికాలం, పన్నెండో రోజు

ఇవాళ్టిది వరసగా రాస్తాను. లేకపోతే రేపటికి నేనే నమ్మను.

పొద్దున్న మేతకు వెళ్లిన మంద తిరిగొచ్చింది, నల్లపూస రాలేదు. వదిన మిగతావాటిని కొట్టంలోకి తోలి, ఒక్కతే మళ్లీ పొగమంచులోకి వెళ్లింది. నాకు ఈ సంగతేమీ తెలియదు. పనిగదిలో బిళ్లలు ఆరబెట్టుకుంటున్నాను.

తలుపు తోసుకుని దాలినాయుడు బాబాయి వచ్చాడు. ఊరి తలుపు దగ్గర కాపలా ఆయన. ఎవరైనా వేళకు రాకపోతే చెవిపెట్టె పెట్టుకుని వాళ్ల కూత వినడం ఆయన పని. మీసాల మీద మంచు అలాగే ఉంది. పొయ్యి దగ్గరికి పోకుండా, వెచ్చబడకుండా, గుమ్మంలోనే నోరు తెరిచాడు. పుట్టి బుద్ధెరిగాక నేను అలాంటిది చూడలేదు.

"మీ ఒదిన మెట్టు మూగబోనాది," అన్నాడు.

అన్నాడని తర్వాత తెలిసింది. ముందు నాకు అర్థం కాలేదు. ఆయనది ఊరంతా వినపడే గొంతు. ఇప్పుడు సన్నగా, వణుకుతూ, ఇంకెవరి గొంతో వచ్చింది. భుజాలు పట్టుకుని పొయ్యి ముందు కూలేశాను. రెండోసారి చెప్పేటప్పటికి గొంతు కాస్త కిందికి దిగింది. మూడోసారికి బాబాయి గొంతయింది.

నేను దండెం వైపు చూశాను. బిళ్లలు పొయ్యి సెగకు హాయిగా ఊగుతున్నాయి. ఇన్ని రోజులూ నేను విన్నది వీటి వెచ్చటి గొంతు. చలిలో వీటి గొంతు ఎలా ఉంటుందో నేనెప్పుడూ వినలేదు. మర్యాద చేశాకే కొలిచాను.

నల్లపూస కోసం వెతికితే డెబ్బై ఒకటి దొరికింది. చుక్క కోసం వెతికితే చుక్క పై మెట్టుది దొరికింది. అంటే పై మెట్టు మీద ఉండాల్సినవి చలికి కింది మెట్టుకి జారుతున్నాయి. చెవిపెట్టె మాత్రం మన పొట్ట దగ్గర వెచ్చగా ఉండి పాత లెక్కే చూసుకుంటోంది.

"బాబాయ్, ఒక మెట్టు కిందికెట్టి ఇను. నలభై ఒకటి."

ఆయన తలుపు దగ్గరికి పరిగెత్తి విన్నాడు. నేనూ వెనకే వెళ్లి విన్నాను. ఏమీ లేదు. ఇవాళ చలి నిన్నటి చలి కాదు. ఎన్ని మెట్లు జారిందో ఎవరికి తెలుసు? కూత ఏడెనిమిది సెకన్లకోసారి వస్తుంది. ఒక్కో మెట్టు దగ్గరా చెయ్యి నాలుగు దిక్కులా తిప్పుతూ ఆగాలి, మెట్టుకీ మెట్టుకీ మధ్య జారితే అసలు వినపడదు. అలా తడుముకుంటూ పోతే పొద్దుగూకుతుంది, వదిన పొద్దుగూకేదాకా ఉండదు. కొలిచి తీరాలి.

బయట గోడ మేకుకి ఒక బిళ్ల వేలాడుతూ ఉంటుంది, పొరుగూరి నుంచి వచ్చేవాళ్ల కోసం. వదిన బిళ్లా అదీ ఒకే పెట్టెలో వచ్చినవి. కొన్ని రోజులుగా చలిలోనే ఉంది. నాకు కావలసింది అదే. కౌంటర్‌ని బయటికి తీసుకెళితే దాని లెక్క కూడా చెడుతుంది కాబట్టి బొంతలో చుట్టాను, బాలింత చంటిపిల్లని చుట్టినట్టు. తలుపు లోపల పెట్టుకుని తీగ మాత్రం బయటికి తీశాను. చేతికి తొడుగు వేసుకుని బిళ్ల మీట నొక్కాను.

అంకె ఎక్కడో కింద మొదలైంది. చూస్తుండగానే పైకి పాకడం మొదలెట్టింది. ఆపకుండా కూస్తే బిళ్ల తన వేడికి తానే వెచ్చబడుతోంది. ఇది కూడా అబద్ధమే. చలిలో ఉన్న బిళ్ల ఎప్పుడూ అలా కూయదు. రెప్పపాటు కూస్తుంది, ఊరుకుంటుంది, చల్లబడుతుంది.

మీట వదిలేశాను. దాని మానాన దాన్ని కూయనిచ్చాను. ఇప్పుడు కౌంటర్ పిచ్చి అంకెలు చూపించింది. అది సెకనంతా లెక్కపెడుతుంది, కూత ఉన్నదేమో రెప్పపాటు. కాసేపు దంచి చాలాసేపు ఊపిరి పీల్చుకునే మనిషి ఎంత జోరుగా దంచుతుందో తెలియాలంటే, రోకలి లేచి పడుతున్నంతసేపే లెక్కపెట్టాలి. కూర్చున్నసేపు కూడా కలిపేస్తే లెక్క నేల మీద ఉంటుంది. కౌంటర్ వెనక దానికోసం ఒక రంధ్రం ఉంది. అందులో వేరే తీగ పెడితే, కూత మొదలయ్యాక లెక్క తెరుచుకుంటుంది, ముగిసేలోపే మూసుకుంటుంది. మీట నొక్కడం సులువని నేను ఆ రంధ్రం జోలికి ఎన్నడూ పోలేదు. దుమ్ము ఊది తీగ గుచ్చాను.

కూత వచ్చింది. అంకె వెలిగింది. రెండో కూత, అదే అంకె. మూడోది, అదే. అదే అంకె మళ్లీ మళ్లీ వస్తుంటే ఇంత భయంలో కూడా నాకు ఒక్క క్షణం సంతోషమేసింది. అది నా పని, ఏం చెయ్యను.

రెండు మెట్లు. దాదాపు సరిగ్గా రెండు మెట్లు కిందికి జారింది.

"నలభై రెండులోంచి రెండు తీసీ," అన్నాడు బాబాయి. అని నా మెడలో ఉన్న బిళ్ల వైపు చూశాడు. నలభై నా మెట్టు.

అప్పుడే పనిగదిలోంచి వచ్చినదాన్ని, నా బిళ్ల ఇంకా వెచ్చగా ఉంది. అది కూస్తున్నంతసేపూ నలభయ్యో మెట్టు మీద నేనే వినిపిస్తాను. వదిన కూత నా కూత కింద పడి నలిగిపోతుంది. నేను బిళ్ల వెనక మూత తీసి బ్యాటరీ లాగేశాను.

"అదాపీసి బయిటికెల్తే నిన్నెవులు ఎతుకుతారమ్మా?" బాబాయి గొంతు మళ్లీ వణికింది. ఈసారి చలికి కాదు.

"నన్నెవులూ ఎతకక్కర్నేదు. గుమ్మం కూత లోపల ఎచ్చగా ఉంది కదా, దాన్నట్టుకుని వొచ్చేస్తాను. పెట్టె పొట్ట కాడే ఉంటాది."

నిజం రాస్తున్నాను, నాకు చాలా భయం వేసింది. బిళ్ల లేకుండా తలుపు దాటడం మా ఊళ్లో పిచ్చివాళ్లు కూడా చెయ్యరు. చెవిపెట్టెకి నలభై పెట్టాను. తెల్లటి పొగలో అడుగు పెట్టి చెయ్యి చాపి తిరిగాను. తూర్పుకేమీ లేదు. ఉత్తరానికేమీ లేదు. పడమటికి తిరిగేసరికి, సన్నగా, టక్కు.

నన్ను నేనే ఎక్కడి నుంచో పిలుస్తున్నట్టుంది. నడిచాను. ఆగి ఏడెనిమిది సెకన్లు చూడటం, టక్కు వినడం, మళ్లీ నడవడం. రెండుసార్లు పడ్డాను. ఒకసారి చెవిపెట్టె మూగబోయింది. నా ప్రాణం పోయింది. చూస్తే చెవిలోది ఊడింది, అంతే. టక్కు పెద్దదయింది, ఇంకా పెద్దదయింది, తర్వాత బొచ్చు వాసన వచ్చింది.

ఒక రాతి చూరు కింద నల్లపూస పడుకుని ఉంది. దాని పొట్టకి ఆనుకుని వదిన కూర్చుని ఉంది, ఒంటి మీద కోటు లేదు. ఒళ్లో కోటు మూటగా ఉంది. మూటలోంచి తడి ముక్కు ఒకటి బయటికొచ్చి నన్ను చూసింది. వదిన కళ్లు సగం మూతపడి ఉన్నాయి. పెదవులు కదిలాయి గాని మాట రాలేదు.

ఏమీ అడగలేదు. మా మర్యాద ఆ పొగమంచులో కూడా మర్యాదే. నా కోటు విప్పి ఇద్దరం, చెవిపెట్టె కూడా లోపలుండేలా కప్పాను, ఆవిడ చేతులు తీసి నా చంకల్లో పెట్టుకున్నాను. ఇద్దరం గేదె పొట్టకి కరుచుకుని, ఆవిడ వణకడం మొదలెట్టేదాకా ఉన్నాం. వణికితే బతికినట్టే. తర్వాత దూడని భుజాల మీద వేసుకుని, పెట్టెకి గుమ్మం నంబరు పెట్టి నడిచాను. వదిన నా నడుం పట్టుకుంది. నల్లపూస దూడ వెనకే వచ్చింది.

పొయ్యి దగ్గర కూర్చున్నాం. నేను, వదిన, బాబాయి, దూడ. ఎవరం మాట్లాడలేదు. ఇంత బరువైన మర్యాద నేనెప్పుడూ మొయ్యలేదు. ఆవిరి లేచి లేచి తగ్గింది.

"దూడకి సలేస్తన్నాదని కోటు కప్పినాను," అంది వదిన చివరికి. "పెట్టె బయిట పడి సచ్చిపోనాది. దార్నేదు. ఇంక ఎవులొస్తార్లే అనుకున్నాను. ఎలగ దొరికినాన్నే?"

"నా నంబరెట్టి ఎతికినాను."

చెప్పాను, మొత్తం. వదిన చేతులు మంటకి చాపింది. "మీ అన్న పక్కన కూకోబెట్టినారు నన్ను," అంది. "ఆయన్ని దాటుకుని నీ కాడికొచ్చీసినానన్నమాట."

నేను ఏడ్చాను. బల్ల మీద బుద్ధిగా కూర్చున్న బిళ్లని చూసి మనిషిని అనుమానించినందుకు ఏడ్చాను. అలా అని చెప్పాను కూడా. వదిన నా అంబలి గిన్నె తన వైపుకి లాక్కుంది, క్షమించిందని అర్థం.

చలికాలం, ఇరవయ్యో రోజు

కౌంటర్ ఇప్పుడు ఊరి తలుపు దగ్గర కాపురం పెట్టింది. బొంత దానికే ఇచ్చేశాను. వెనక రంధ్రంలో తీగ శాశ్వతంగా ఉండిపోయింది. పొద్దున్నే మేకు మీది బిళ్ల కూత కొలిచి, ఎంత జారిందో బొగ్గుతో తలుపు మీద రాస్తాను. చెవిపెట్టెకి మెట్ల మధ్య కూడా నిలిచే మరను బిగించాను. వెతికేవాళ్లు తలుపు చూసి అంత తగ్గించుకుంటారు. మూడు రోజులుగా పిలిచిన గేదె పలుకుతోంది. కొమ్ముల్రాజు జోలికి ఎవరూ పోవడం లేదు, దానికే కాస్త చిన్నబోయినట్టుంది.

పెద్దలు వచ్చి తలుపు మీది అంకె చూసి, మంద సంగతి ఇంక ఎత్తలేదు. దండెం ఖాళీగా ఉంది. దాని మీద దూడని తుడిచే గుడ్డలు ఆరేస్తున్నాను. పెయ్యదూడ. దాని బిళ్ల దాని మెడలోనే, చలిలోనే కొలిచాను. కొలుస్తుండగా తీగ నమలబోయింది.

వదినకి ఒక కొత్త అలవాటయింది. పొద్దున్న మందని తోలుకుని తలుపు దగ్గరికి వచ్చి ఆగుతుంది. నేను కొలవడం అయ్యేదాకా చూస్తుంది.

"ఇయేళ నానెవుల్నే?" అని అడుగుతుంది.

నిన్న చలి తక్కువ, ఒక్క మెట్టే జారింది. "మా అన్నవి," అన్నాను. వదిన బుగ్గలు ఎర్రబడ్డాయి, చలికేనట.

ఇవాళ మళ్లీ రెండు మెట్లు పడింది.

"ఇయేళ నివ్వు నానే ఒదినా."

"అయితే నివ్వు బయిటికి రాకు," అంది. గేదెల్ని అదిలించుకుంటూ పొగమంచులోకి వెళ్లిపోయింది. నేను మెడలోని బిళ్ల విప్పి, బ్యాటరీ తీసి, పొయ్యి దగ్గరికి వచ్చి కూర్చున్నాను.